టులెట్ బోర్డు మీద ‘ఫ్యామిలీ’ అంటే ఎవరు?

బెంగళూరులో అద్దె ఇల్లు వెతికినవాళ్ళందరికీ ఆ బోర్డు పరిచయమే. గేటుకి తీగతో కట్టిన రేకుముక్క, దాని మీద ‘టులెట్’, కింద ఫోన్ నంబరు, ఆ కింద ‘ఫ్యామిలీకి మాత్రమే’. మారతహళ్ళి పక్కన మున్నేకొళాలలో అలాంటి ఒక గేటు ముందు నిలబడ్డ రోజు నాకు ఇప్పటికీ గుర్తే. ఓనరమ్మ తెలుగావిడే. ఆ చుట్టుపక్కల పాత ఊళ్ళలో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒకప్పుడు రాగులు పండించిన నేలలో ఇప్పుడు నాలుగంతస్తుల అద్దె ఇళ్ళు కట్టుకున్నారు. నా తెలుగు వినగానే ఆవిడ మొహం విప్పారింది. “యా ఊరమ్మా మీది?” అంది. మదనపల్లె అన్నాను. “అట్లనా! మా చెల్లెల్ని ఇచ్చింది ఆ పక్కకే” అని కాఫీ తెచ్చిచ్చింది. ఇంటిపేరు అడిగింది (కులం నేరుగా అడగరు, ఇంటిపేరు అడుగుతారు, ఈ మర్యాద మనకి తెలియనిది కాదు). ఆ తర్వాత “మీ ఇంటాయనది ఏ కంపెనీ?” అంది. ఇంటాయన లేడు, నేనొక్కదాన్నే అన్నాను. నేను కాఫీ గ్లాసు కింద పెట్టేలోపు, ఆ ఇల్లు వేరేవాళ్ళకి మాటిచ్చేసిన సంగతి ఆవిడకి గుర్తొచ్చింది.

మన మగవాళ్ళు ‘ఫ్యామిలీ’ అన్న మాటని ఎలా వాడతారో ఎప్పుడైనా గమనించారా? “ఫ్యామిలీని తీసుకొచ్చావా?” అంటే భార్యని తీసుకొచ్చావా అని. “మా ఫ్యామిలీ ఊరెళ్ళింది” అంటే ఆవిడ పుట్టింటికి వెళ్ళిందని. అంటే ఫ్యామిలీ ఉండేది మగవాడికి. ఆడదానికి ఫ్యామిలీ ఉండదు, ఆమే ఒకరి ఫ్యామిలీ అవుతుంది. బోర్డు మీది మాటకి అర్థం ఇదే. భర్త చనిపోయినామె, విడాకులు తీసుకున్నామె, పెళ్ళే వద్దనుకున్నామె, ఇంకో అమ్మాయితో కలిసి బతకాలనుకున్నామె, మగపిల్లాడిగా పుట్టి ఆడమనిషిగా బతుకుతున్నామె, అందరూ ఆ ఒక్క మాటతో గేటు బయటే ఆగిపోతారు.

స్త్రీల సమస్యలు ఒక చోట, ఎల్జీబీటీక్యూ వాళ్ళ (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు వగైరా) సమస్యలు మరో చోట పెట్టి మాట్లాడటం మనకి అలవాటు. మార్చి 8కి ఒక వ్యాసం, జూన్‌లో ప్రైడ్ నెలకి ఇంకొకటి. ఇల్లు వెతికేటప్పుడు ఆ విడదీత నిలవదు. పెళ్ళి చట్రంలో ఇమడనివాళ్ళకి ఈ ఊరు ఉద్యోగం ఇస్తుంది, జీతం ఇస్తుంది, తాళంచెవి మాత్రం ఇవ్వదు. నా ఫిర్యాదంతా ఆ తాళంచెవి గురించే.

అందరికీ ఒకేలా మూసుకుంటుందని కూడా అనను. విడాకులు తీసుకున్న నా స్నేహితురాలు భర్త దుబాయ్‌లో ఉన్నాడని చెప్పి ఇల్లు సంపాదించింది. గుమ్మం ముందు విడవడానికి ఒక జత మగవాళ్ళ చెప్పులు కొంది, వారానికోసారి మగచొక్కా ఒకటి తడిపి దండెం మీద ఆరేసేది. నవ్వొస్తుంది గానీ, రెండేళ్ళు ఆరేసింది. కలిసి బతికే ఇద్దరమ్మాయిలు పెద్దమ్మ కూతుళ్ళమని చెబితే నడిచిపోతుంది. మన చుట్టరికాలు ఈ ఒక్క విషయంలో వాళ్ళకి కలిసొస్తాయి. ఇద్దరబ్బాయిలు బ్యాచిలర్లన్న పేరుతో సర్దుకుంటారు. ట్రాన్స్ మహిళకి దాక్కోవడానికి ఏ చుట్టరికమూ లేదు. ఫోన్‌లో గొంతు వినగానే అవతలివాళ్ళు పెట్టేస్తారు. వీటికి తోడు ఇంటిపేరు దళితులదో, పేరు ముస్లింలదో అయితే గేటు దాకా కూడా వెళ్ళక్కర్లేదు.

చట్టం ఏం చేస్తోందని అడగొచ్చు. చాలానే చేసింది. 2014 ఏప్రిల్ 15న నాల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టు, తాను ఆడో మగో ట్రాన్స్‌జెండరో చెప్పుకునే హక్కు ఎవరికి వారిదేనంది. 2018 సెప్టెంబర్ 6న, స్వలింగ సంబంధాన్ని నేరమన్న 377 సెక్షన్ కోరలు పీకేసింది. 2021లో కర్ణాటక ప్రభుత్వ ఉద్యోగాల్లో ట్రాన్స్‌జెండర్లకి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చింది, దేశంలో అలా ఇచ్చిన మొదటి రాష్ట్రం అదే. 2023 జూన్‌లో మొదలైన శక్తి పథకంలో ఆడవాళ్ళతో పాటు ట్రాన్స్‌జెండర్లూ బస్సులో ఉచితంగా తిరగొచ్చు. తర్వాత తెలంగాణలో, ఆంధ్రలో వచ్చిన ఉచిత బస్సులదీ అదే పద్ధతి. బస్సెక్కినప్పుడు మీ ఆయనెవరని కండక్టర్ అడగడు. బస్సు దిగాక ఎక్కడికి వెళ్ళాలన్నదే ప్రశ్న.

ఎందుకంటే రాజ్యాంగంలోని 15వ అధికరణం మొదట కట్టడి చేసేది ప్రభుత్వాన్ని. దుకాణాలు, హోటళ్ళు, బావులు, రోడ్ల వంటి చోట్ల తోటి మనుషుల వివక్షని కూడా అది ఆపుతుంది, కానీ ఆ జాబితాలో అద్దె ఇల్లు లేదు. పైగా 2005లో గుజరాత్‌లోని ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం తమవాళ్ళకే అని నియమం పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టే చెప్పింది. 2019లో చేసిన ట్రాన్స్‌జెండర్ల చట్టం అద్దె విషయంలో వివక్ష కూడదని స్పష్టంగానే రాసింది. శిక్షల సెక్షన్‌లో మాత్రం ఉన్న ఇంటి నుంచి వెళ్ళగొడితే నేరమంది గానీ, అసలు ఇల్లే ఇవ్వకపోతే ఏం చేయాలో చెప్పలేదు. మాటిచ్చేశామని ఓనరమ్మ మర్యాదగా అన్నప్పుడు ఏ సెక్షన్ కింద ఫిర్యాదు చేస్తాం?

ఇక్కడ ఒక పాత చట్టం గురించి చెప్పాలి, అది మన తెలుగు నేల నుంచే వచ్చింది. 1919లో, నిజాం కాలపు లెక్కలో 1329 ఫస్లీలో, నిజాం ప్రభుత్వం హిజ్రాల మీద ఒక చట్టం చేసింది. వాళ్ళ పేర్లు, ఉండే చోట్లు పోలీసులు రిజిస్టర్‌లో రాసి ఉంచాలి. ఆడవేషంలో వీధిలో కనబడినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. నిజాం పోయాడు, చట్టం పోలేదు. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు సవాలు చేశాక 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసేదాకా పుస్తకాల్లో ఉండనే ఉంది. అంతకంటే ఆశ్చర్యం ఏమిటంటే, 2011లో, ఐటీ రాజధాని అని పేరు మోసిన తర్వాత, కర్ణాటక తన పోలీసు చట్టంలో 36ఏ అని ఒక సెక్షన్ కొత్తగా చేర్చుకుంది. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం పేరుతో హిజ్రాల పేర్లూ చిరునామాలూ కమిషనర్ రిజిస్టర్‌లో ఉంచమంది. హక్కుల సంఘాలు కోర్టుకి వెళ్తే 2016లో ‘నపుంసకులు’ అన్న అర్థమిచ్చే మాట తీసి ‘వ్యక్తులు’ అని మార్చారు.

ట్రాన్స్ మహిళ చిరునామా పోలీసు రిజిస్టర్‌లో రాయాలనుకున్న రాష్ట్రంలోనే అద్దె అగ్రిమెంట్‌లో ఆమె పేరు రాసేవాడు లేడు. ఉండే ఇల్లు లేక రోడ్డు మీద ఉంటే అదీ నేరమే. నాల్సా తీర్పు వచ్చి ఎనిమిది నెలలైనా కాకముందే, 2014 నవంబర్‌లో, బెంగళూరు సిగ్నళ్ళ దగ్గర నుంచి వంద మందికి పైగా ట్రాన్స్ మహిళల్ని బండ్లెక్కించి మాగడి రోడ్డులోని బిచ్చగాళ్ళ పునరావాస కేంద్రానికి తీసుకెళ్ళారు. భిక్షాటన చట్టం ఉంది కదా, అది సరిపోయింది.

ఇంత కష్టపడి అద్దె ఇల్లు ఎందుకు, పుట్టిల్లు లేదా అనొచ్చు. కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఇచ్చే చట్టం 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చింది. తమిళనాడు 1989లో, కర్ణాటక 1994లో, దేశమంతా 2005లో ఆ దారి పట్టాయి. మనం మొదట చేశామని గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకుంటూనే రిజిస్ట్రార్ ఆఫీసుకి కారులో తీసుకెళ్ళి, “ఊరికే ఒక సంతకం అమ్మా, అన్నదమ్ములతో తెగతెంపులెందుకు” అంటాం. సంతకం పెట్టినామెకి ఒక పట్టుచీర, పెట్టనామెకి జీవితాంతం మాటల్లేవు. నాకు తెలిసిన చదువుకున్న ఇళ్ళలోనే, లాయర్లున్న ఇళ్ళలోనే ఇది చూశాను. (నేను సంతకం పెట్టాను. చీర బాగుంది.) ఇక కొడుకు తనకి అమ్మాయిలంటే ఇష్టం లేదని చెప్పిన రోజున ఇంట్లో మొదట వినిపించే బెదిరింపు కూడా ఆస్తే. చిల్లిగవ్వ రాదు, గడప తొక్కొద్దు. పుట్టింట్లో వాటా లేని కూతురు, గడప తొక్కొద్దనిపించుకున్న కొడుకు, ఇద్దరూ అదే టులెట్ బోర్డు ముందుకి వస్తారు.

గడప దాటినా వదలరు. ఒంగోలు నుంచో నెల్లూరు నుంచో రాత్రికి రాత్రి కారు బయలుదేరుతుంది. చేతిలో అక్కడి స్టేషన్‌లో ఇచ్చిన మిస్సింగ్ కేసు కాగితం. కులాంతరం చేసుకున్న అమ్మాయికీ, స్నేహితురాలితో వచ్చేసిన అమ్మాయికీ ఎదురయ్యేది ఆ ఒకే కాగితం. పాతికేళ్ళ మనిషి తన ఇష్టంతో వచ్చానని చెప్పినా పోలీసు స్టేషన్‌లో మొదట కుర్చీ వేసేది తండ్రికే. ఈ విషయంలో మద్రాసు హైకోర్టు ముందడుగు వేసింది. ఇంట్లోవాళ్ళు బలవంతంగా తీసుకెళ్ళిన ఒక అమ్మాయి కేసులో 2025 మేలో, కుటుంబం ఏర్పడటానికి పెళ్ళి ఒక్కటే దారి కాదంది. ఎంచుకున్న కుటుంబమూ కుటుంబమేనంది. స్వలింగ వివాహాన్ని గుర్తించలేమని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత వచ్చిన మాట కాబట్టి దానికి బరువెక్కువ.

నిజానికి ఎంచుకున్న కుటుంబం కోర్టు కనిపెట్టిన కొత్త సంగతేమీ కాదు. బెంగళూరు హిజ్రాలు తాముండే ఇళ్ళని హమామ్ అంటారు. అక్కడ గురువు, చేలాలు (శిష్యులు), తల్లి, కూతుళ్ళు, జబ్బు చేస్తే చూసుకోవడం, చనిపోతే ఖర్చు పెట్టుకోవడం అన్నీ ఉంటాయి. పెత్తనాలూ అప్పులూ దెబ్బలూ కూడా ఉంటాయి, దాన్ని గుడి చేయనక్కర్లేదు, మన ఇళ్ళలో మాత్రం లేవా? అయినా 2019 చట్టం మైనర్ల విషయంలో కన్నవాళ్ళ ఇల్లు, అది కుదరకపోతే కోర్టు ఆదేశంతో పునరావాస కేంద్రం, ఈ రెండే చూసింది. ఇంట్లో తన్నులు తిని పారిపోయి వచ్చిన పిల్లకి అన్నం పెట్టిన ఇల్లు చట్టం కంటికి ఆనలేదు.

డబ్బు తన పేరు మీద ఉండటం ఎంత ముఖ్యమో ఈ ఊరి గార్మెంట్ కార్మికుల కంటే బాగా చెప్పినవాళ్ళు లేరు. పీఎఫ్‌లో యాజమాన్యం వాటా 58 ఏళ్ళ దాకా తీసుకోవడానికి వీల్లేదని కేంద్రం నియమం పెడితే, 2016 ఏప్రిల్‌లో వేలమంది ఆడవాళ్ళు మిషన్లు ఆపి హోసూరు రోడ్డు మీదికి వచ్చారు. వెనక పెద్ద యూనియన్ ఏదీ లేదు. రెండు రోజుల్లో కేంద్రం వెనక్కి తగ్గింది. చిత్తూరు, అనంతపురం జిల్లాల నుంచి వచ్చి ఆ మిషన్ల మీద కూర్చున్న మనవాళ్ళకి ఆ పీఎఫ్ అంటే కూతురి పెళ్ళి, అప్పు, ఊళ్ళో ఇంటి పైకప్పు. మొగుడి చేతికి చిక్కకుండా దాగిన డబ్బు అదొక్కటే.

ఓనర్లనే విలన్లని చేస్తే తేలికైపోతుంది. నేనలా చేయలేను. ఎనిమిదేళ్ళుగా నేనుంటున్న ఇంటి ఓనరమ్మ భర్త పోయినావిడ. ఇల్లు అమ్మేసి పంచమని కొడుకులు ఒత్తిడి చేస్తే, మూడు పోర్షన్ల అద్దె మీద బతుకుతానని మొండికేసింది. ఏదైనా గొడవైతే కొడుకులు తననే అంటారన్నది ఆవిడ టెన్షన్. “నాలుగు మాటలు వస్తే పడేది నేనే కదమ్మా” అంటుంది, అదీ నిజమే. ఒంటరి ఆడదానికి ఇల్లు ఇవ్వడానికి భయపడేది ఒక్కోసారి ఇంకో ఒంటరి ఆడదే. అందుకే మనసులు మారాలని ఉపన్యాసం చెప్పడం కన్నా కాగితం మార్చడం మీద నాకు నమ్మకం ఎక్కువ. అద్దె చట్టంలో వివాహ స్థితి, లింగం, కులం, మతం చూసి ఇల్లు నిరాకరించకూడదని ఒక వాక్యం, ఫిర్యాదుకి ఒక అధికారి ఉంటే, “చట్టం అట్లుందిరా, నేనేం చేసేది” అని కొడుకులకి చెప్పుకోవడానికి ఆవిడకీ ఒక సాకు దొరుకుతుంది. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి ఎల్జీబీటీక్యూ వాళ్ళకి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్రం ఒక్క కాగితంతో స్పష్టం చేసింది. రేషన్ కార్డు విషయంలోనూ కలిసి ఉండే జంటని ఒకే కుటుంబంగా చూడమంది. అద్దె ఇంటికి అలాంటి కాగితం ఇంకా రాలేదు.

మొన్న మా పై పోర్షన్ ఖాళీ అయింది. నాకు తెలిసిన ఇద్దరమ్మాయిలు ఇల్లు వెతుకుతున్నారని ఓనరమ్మకి చెప్పాను. “అక్కచెల్లెండ్లా?” అని అడిగింది. ఇన్నేళ్ళుగా ఇలాంటివి రాస్తున్న నేను, “అట్లాంటిదే ఆంటీ” అన్నాను. “నీళ్ళు చూసి వాడుకుంటే చాలు” అంది.

అగ్రిమెంట్ రాయించడానికి స్టాంపు పేపర్ల కొట్టుకి ముగ్గురం వెళ్ళాం. టైపిస్టు తల ఎత్తకుండానే “డాటర్ ఆఫా, వైఫ్ ఆఫా?” అన్నాడు. మొదటామె డాటర్ ఆఫ్ అని తండ్రి పేరు చెప్పింది. రెండో ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. పోయినేడాది మిస్సింగ్ కేసు కాగితం పట్టుకుని ఈ ఊరు వచ్చింది ఈమె తండ్రే. టైపిస్టు మళ్ళీ అడిగాడు. పేరు చెప్పింది. అతను తప్పు కొడితే స్పెల్లింగ్ కూడా చెప్పింది.