బుడమేరుకి కృష్ణ లెక్క చెప్పకండి బాబూ

మబ్బు పట్టిందంటే చాలు, మా చుట్టాల గ్రూపులో ఆ మెసేజ్ మళ్లీ పైకి తేలుతుంది. "విజయవాడ వాసులకు వరద జాగ్రత్తలు, అందరికీ పంపండి" అని మొదలై నాలుగు దండాల బొమ్మలతో ముగుస్తుంది. నిన్న పిన్ని పంపింది. రాత్రి బావ పంపాడు. పొద్దున మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు "ముఖ్యం" అని పైన తగిలించి మరీ పెట్టారు. రాసినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు.

మొదటి సూచన: "బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చేదాకా ఎవరూ కంగారు పడక్కర్లేదు." ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. కృష్ణలంకకి, రాణిగారితోటకి, కింద లంక ఊళ్లకి అది పనికొచ్చే మాటే. అదే ఊళ్లోని సింగ్‌నగర్‌కి దాంతో ఏం పని? 2024 సెప్టెంబరు 1న అక్కడ ఇళ్లలోకి వచ్చింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. మైలవరం వైపు కొండల మీద పడ్డ వాన, గట్లకి గండ్లు కొట్టి ఊరి మీద పడింది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు, బుడమేరుని దాంట్లోకి తెచ్చే మళ్లింపు కాలవ నీళ్లు అందులో కలవలేక వెనక్కి ఎగదన్నుతాయి. ఈ రెండింటికీ ఉన్న చుట్టరికం అదీ. బ్యారేజీ అంకె చూసుకుని, సింగ్‌నగర్ పక్కనే ఉన్న పాయకాపురంలో పడుకోవడమంటే, పక్కింటాయన నోట్లో థర్మామీటరు పెట్టి మనకి జ్వరం లేదనుకోవడమే.

రెండోది: "డెబ్బై గేట్లూ ఎత్తారంటే ఊరు మునిగినట్టే." ఎత్తకపోతే కదా మునిగేది! ఆ బ్యారేజీలో పట్టేదే మూడు టీఎంసీలు. 2024లో 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లింది ఆ గేట్లలోంచే.

పాములు రాకుండా ఇంటి చుట్టూ వెల్లుల్లి నీళ్లు చల్లాలట. వరదలో. సరే, చల్లుకోండి.

ఇక నాలుగోది. నాకు ఒళ్లు మండేది దీని దగ్గరే. "ఇల్లు వదలొద్దు, దొంగలు పడతారు. సామాను అటకెక్కించి డాబా మీద ఉండండి, ఒక్కరోజులో నీరు తీసేస్తుంది." ఒక్కరోజులోనా? 2024లో బుడమేరుకి పడ్డ మూడు గండ్లూ పూడ్చేసరికే సెప్టెంబరు 7 వచ్చింది! పూడ్చాక కూడా లోపల నిలిచిన నీళ్లు వెంటనే కదల్లేదు. పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు పడవల్లో వెళ్లాయి, ట్రాక్టర్లలో వెళ్లాయి, చివరికి డ్రోన్లతో దించాల్సి వచ్చింది. ఇదంతా టీవీలో చూసినవాళ్లే ఈ మెసేజ్ పంపుతున్నారు, అదీ నా బాధ.

మా పెదమావయ్య అప్పుడు కండ్రికలోని ఇంట్లో బీరువాకి కాపలా అని ఉండిపోయాడు. ఆయనకి సుగరు. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో, ఫ్రిజ్ నీళ్లలో. రెండో రోజుకి ఫోన్ చచ్చిపోయింది. డాబా మీద మూడు కుటుంబాలు, తాగడానికి ఒక్క క్యాన్, మరుగుదొడ్డి మాట ఎత్తొద్దు. నాలుగో రోజు పడవ వచ్చింది. బీరువా భద్రంగానే ఉంది, నడుం లోతు బురదలో. ఏ దొంగా దాని జోలికి రాలేదు, వాడికి మాత్రం ఈత రావద్దూ? మందుల మీద ఉన్నవాళ్లూ, నిండు చూలాళ్లూ, పసిపిల్లలూ, మంచం దిగలేని పెద్దవాళ్లూ ఉన్న ఇల్లు పాదం మునగకముందే ఖాళీ చెయ్యాలి. మోకాలి లోతు వచ్చాక, అందులోనూ నీటి లాగుడు ఉంటే, కాలు నిలవదు.

"పటిక తిప్పితే వరద నీళ్లూ తాగొచ్చు" అట. పటిక బురదని అడుక్కి దింపుతుందే గానీ క్రిముల్ని చంపదు. డ్రైనేజీ కలిసిన నీళ్లు తేటగా కనబడితే ఇంకా ప్రమాదం, నమ్మి తాగేస్తాం. ట్యాంకరు నీళ్లయినా సరే కళపెళా కాగించండి, లేదా క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగండి. "కరెంటు పోయింది కాబట్టి నీళ్లలో తిరగొచ్చు" అన్నది కూడా తీసేయండి. పక్కింటి ఇన్వర్టరు సంగతి ఎవరు చూశారు? తడి కాళ్లతో నిలబడి మెయిన్ స్విచ్ కట్టెయ్యడానికి వెళ్లకండి, ఆ పని నేల పొడిగా ఉండగానే అయిపోవాలి.

అయితే చివర్లో ఒక లైను ఉంది: "ఎవరో వచ్చి చెబుతారని కూర్చోకండి." దీన్ని కొట్టిపారేయలేను. ఆ ఆదివారం నీళ్లు గుమ్మం దాటాకే తెలిసిందని సింగ్‌నగర్‌లో ఎంతమంది మొత్తుకున్నారో మనం విన్నాం. వేళకి నమ్మకమైన కబురు అందకపోతే జనం ఇలాంటి కాగితాన్నే పట్టుకుంటారు, వాళ్లననీ లాభం లేదు. ఇల్లు వదలొద్దన్న చేత్తోనే ఈ లైను ఎలా రాశాడో మాత్రం నాకు అంతుపట్టలేదు.

పిన్నీ, ఆ ఒక్క లైనూ ఉంచు. దాని కింద అత్యవసర నంబరు 112 అని రాయి. మిగతాదంతా చెరిపేసి అప్పుడు పంపు.