తరగతి గదిలో రాయబారం

రవీంద్రభారతిలో కృష్ణుడి వేషగాడు ‘చెల్లియో చెల్లకో’ అని రాగం ఎత్తుకుంటే చాలు, ఇప్పటికీ వన్స్‌మోర్‌లు పడతాయి. అదే పద్యాన్ని క్లాసులో చెబితే ప్రతిపదార్థం, తాత్పర్యం దగ్గరే ఆగిపోతాం. ఉత్పలమాల అని గుర్తుపడితే మార్కులు పడతాయి. ఆ మాటలు ఎదుటివాణ్ణి ఎలా కట్టిపడేస్తాయో మాత్రం పిల్లల్ని అడగం. అడగాలని గట్టిగా కోరుతున్నాం.

తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాల’లోని ఆ నాలుగు పాదాల్లో ఎంత పనితనముందో చూడండి. ‘తమకు చేసిన యెగ్గులు సైచిరందరున్’ అనడంలోనే కీడు చేసింది కౌరవులని తేలిపోయింది. తప్పెవరిదన్న చర్చకు కృష్ణుడు తావే ఇవ్వలేదు. వెంటనే ‘తొల్లి గతించె’ అంటూ మెత్తబడ్డాడు. తర్వాత ‘నీ పిల్లలు పాపలు’ అన్నాడు. పాండవులకు రావాల్సిన రాజ్యభాగం ఊసే పద్యంలో లేదు, ఉన్నదంతా దుర్యోధనుడి ఇంటివాళ్ల, ప్రజల క్షేమమే! ఇక మిగిలినవి రెండే దారులు: పొందు అంటే సంధి, లేదా రణం. ‘గూర్చెదవొ’ అన్న ఒక్క క్రియతో యుద్ధం భారమంతా అతని నెత్తిన పడింది. చివర్న మర్యాదగా ‘కౌరవేశ్వరా’ అని పిలుపు.

ఇంగ్లిష్ మీడియం పిల్లలకు షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ కూడా పక్కన పెట్టి చెప్పవచ్చు. సీజర్‌ను చంపినవాళ్లలో ఒకడైన బ్రూటస్ గౌరవనీయుడని, సీజర్ స్నేహితుడు ఆంటొనీ అంత్యక్రియల ప్రసంగంలో అన్నకొద్దీ ఆ మాట విలువ దిగజారిపోతుంది. తిట్టకుండానే జనాన్ని బ్రూటస్ మీదికి తిప్పేస్తాడు.

ఇది సాహిత్యం పీరియడ్‌తో అయిపోయే పని కాదు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నడిచే కుర్రాడికి ‘ఈరోజే ఆఖరు’ అని ఫోన్ వస్తుంది. లోన్ యాప్ మెసేజ్ అతని అవసరం గురించే మాట్లాడుతుంది, వడ్డీ ఊసెత్తదు. మాటలో ఏది దాచారో వెతకడం పద్యంలో అలవాటైన పిల్లలు, అక్కడా కాస్త ఆగి ఆలోచిస్తారని మా నమ్మకం.

వారానికి ఒక్క పీరియడ్ చాలు. పద్యాన్ని ముందు గొంతెత్తి చదివించాలి, ఆ రుచి తెలియాలి. ఆ తర్వాతే ఏ మాట దగ్గర మనసు లొంగిందో పిల్లల్నే చెప్పమనాలి. ఇంకో ప్రశ్న కూడా అడగాలి: ఇంత గొప్పగా చెప్పినా దుర్యోధనుడు వినలేదు కదా, మరి భీష్మద్రోణులు కూర్చున్న ఆ నిండు సభలో కృష్ణుడు ఒప్పించాలనుకున్నది అతనొక్కణ్ణేనా?