డ్రాగన్ కల్పితమే, కానీ జార్జి?
క్రైస్తవ విశ్వాసం కోసం ప్రాణమిచ్చాడని చెప్పే పునీతుడు సెయింట్ జార్జి గురించి ఒక వ్యాసం చదివాను. డ్రాగన్‌ని చంపిన కథ కల్పితం కాబట్టి అసలు ఆ మనిషే లేడని అందులో తేల్చేశారు. నేను ఒప్పుకోలేను. కథ వయసు వేరు, ఆ పేరు వయసు వేరు. ఆయన కథలోకి డ్రాగన్ వచ్చి చేరింది 11వ శతాబ్దం ప్రాంతంలో. 13వ శతాబ్దపు పునీతుల కథల పుస్తకం ‘గోల్డెన్ లెజెండ్’ దాన్ని యూరప్ అంతా పాకించింది. కానీ సిరియాలోని ఎజ్రాలో ఆయన పేరిట కట్టిన చర్చి గుమ్మం పైన ఉన్న శాసనం 515 నాటిది. అంటే డ్రాగన్ కంటే దాదాపు ఐదువందల ఏళ్లు ముందు! ఆ శతాబ్దంలోనే పాలస్తీనాలోని లిద్దాలో ఆయన సమాధి దగ్గరికి యాత్రికులు వెళ్లేవారు. ఆయన మూడుసార్లు చచ్చి బతికాడని చెప్పే పాత కథ ఉంది చూడండి, దాన్ని నమ్మొద్దని పోప్ గెలాసియస్ పేరుతో ఉన్న 6వ శతాబ్దపు పుస్తకాల పట్టికే చెప్పింది. కథని పక్కన పెట్టారు, మనిషిని కాదు. మా అమ్మమ్మ గదిలో ఆయన పటం ఉండేది: తెల్ల గుర్రం, ఈటె, కింద మెలికలు తిరిగిన ఆకుపచ్చ పాము. రోజూ కొంగుతో ఆ అద్దం తుడిచేది. కాలేజీ రోజుల్లో అదంతా అబద్ధమని ఆమెతో గట్టిగా వాదించాను. "పాము సంగతి నాకు తెలీదురా, ఆయన్ని మాత్రం చంపారు" అంది. ఆ రోజు అలా మాట్లాడినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇంకొకటి, 1969లో కాథలిక్ చర్చి ఆయన్ని పునీతుల్లోంచి తీసేసిందన్న మాటా తప్పే. ఆయన పండుగని ఐచ్ఛికంగా ఉంచారు, ఏప్రిల్ 23 ఇప్పటికీ చర్చి క్యాలెండర్‌లో ఉంది.