లైసెన్సులు సరే, ఆ మూలనున్న కంప్యూటర్ మాటేమిటి?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు (భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం) ముగించింది. ఏళ్ల ముందే ప్రకటించిన తేదీ అది. అయినా మన చిన్న, మధ్యతరహా సంస్థల్లో చాలావాటికి గడువు మీదికి వచ్చాక గానీ చలనం రాలేదు. దీన్ని బద్ధకం అనను. ఆపరేటింగ్ సిస్టమ్ మార్పును, అంటే విండోస్ 11కు వెళ్లడాన్ని, యాజమాన్యాలు కొనుగోళ్ల ఖాతాలో వేసుకున్నాయి. ఎన్ని కంప్యూటర్లు, ఎన్ని లైసెన్సులు, కొటేషన్ ఎంత అన్నది తేలితే పని అయిపోయినట్టే లెక్క. అసలు చిక్కులు మాత్రం ఏ కొటేషన్‌లోనూ కనబడవు.

రైస్ మిల్లు గుమాస్తా గదిలోనో, హోల్‌సేల్ మందుల దుకాణంలోనో విండోస్‌కు ముందునాటి డాస్ కాలంలో, ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాసిన ప్రోగ్రామ్ ఇంకా బిల్లులు కొడుతూ ఉంటుంది. రాసిన వ్యక్తి ఎప్పుడో అమెరికా వెళ్లిపోయి ఉంటారు, సోర్స్ కోడ్ ఎవరి దగ్గరా ఉండదు. విండోస్ 10లో అలాంటి పాత ప్రోగ్రాములను నడపగల 32 బిట్ వెర్షన్ ఉండబట్టి అది ఇన్నాళ్లూ బతికింది. విండోస్ 11లో ఉన్నది 64 బిట్ ఒక్కటే; అందులో డాస్ ప్రోగ్రాములు నేరుగా నడవవు. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు తయారుచేసే డీటీపీ సెంటర్లకూ ఇలాంటి బెంగే ఉంది. యూనికోడ్‌ (అన్ని కంప్యూటర్లూ చదవగలిగే అక్షర పద్ధతి)కు ముందునాటి ఫైళ్లు గుట్టలుగా ఉంటాయి, వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్ ఈ కాలానిది కాదు. అలాంటి ప్రోగ్రామ్‌ను డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్‌లోకో, కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషిన్‌లోకో మారుస్తారా, ఇంటర్నెట్ తీసేసి ఆ పాత కంప్యూటర్‌లోనే ఉంచుతారా, డేటా బయటికి తీసి కొత్త ప్రోగ్రామ్‌కు వెళతారా? కొటేషన్ అడగడానికి ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. నా దృష్టిలో ప్రణాళిక మొదలవ్వాల్సింది ఇక్కడి నుంచే.

యంత్రాల సంగతి కొంత తేలిక. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్‌గా చవకగా కొన్న డెస్క్‌టాపులు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. వాటికి డబ్బు కట్టి అప్‌డేట్లు పొందే మార్గం ఉంది: సంస్థలకు మొదటి ఏడాది కంప్యూటర్‌కు 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు. మూడేళ్లకు 427 డాలర్లు. రెండో ఏడాది చేరదామని ఆగినా మొదటి ఏడాది సొమ్ము కట్టక తప్పదు. ఆ డబ్బుతో మంచి సెకండ్‌హ్యాండ్ కంప్యూటరే వస్తుంది కదా!

ఇక ప్రయోగం. విండోస్ 11కు మారాక వెనక్కి వెళ్లే అవకాశం మామూలుగా 10 రోజులే ఉంటుంది. మన అకౌంట్స్ విభాగం నడిచేది నెల లెక్కన. జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1 11వ తేదీకి, 3బీ 20వ తేదీకి వెళ్లాలి. 21న కంప్యూటర్ మార్చి, అంతా బాగుందని ఊపిరి పీల్చుకుంటే, డిజిటల్ సంతకం టోకెన్ పని చేయడం లేదన్న సంగతి వచ్చే నెల రిటర్న్ వేళకు బయటపడుతుంది. అప్పటికి వెనక్కి దారి ఉండదు. ఒక కమాండ్‌తో ఆ గడువును 60 రోజుల దాకా పెంచుకోవచ్చు, అదీ ఆ 10 రోజుల్లోపే చేయాలి. అందుకని ఒక్క అకౌంట్స్ కంప్యూటర్‌ను ముందు మార్చి, నెలంతా దాని మీదే పని నడిపి చూడాలి. స్కాన్ చేసిన కాగితాన్ని నేరుగా ఫోల్డర్‌లోకి పంపే పాత జిరాక్స్ యంత్రాన్నీ పరీక్షించాలి. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంపడానికి అది వాడే ఎస్ఎంబీ1 అనే పాత పద్ధతి కొత్త విండోస్‌లో ముందుగా అమర్చి రాదు.

మార్పుతోనే భద్రత వచ్చేస్తుందన్న భ్రమ కూడా ఉంది. 2017 మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వానాక్రై విరుచుకుపడినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అప్పట్లో అందరూ పాత విండోస్ ఎక్స్‌పీని తిట్టారు. ప్రపంచవ్యాప్తంగా దెబ్బతిన్నవి మాత్రం ఎక్కువగా విండోస్ 7 యంత్రాలే. దానికి అప్పటికి మద్దతు ఉంది, మందు (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) కూడా మార్చి 14నే వచ్చింది. వేసుకోలేదు, అంతే.

సర్వర్ల దగ్గర ఇంత వెసులుబాటు ఉండదు. ఆఫీసులోని లాగిన్లన్నిటినీ చూసే సర్వర్‌ను (డొమైన్ కంట్రోలర్) ఉన్నచోటే అప్‌గ్రేడ్ చేయడం కన్నా పక్కన కొత్తది నిలబెట్టి, బాధ్యతలు దానికి అప్పగించి, పాతదాన్ని తప్పించడం క్షేమం. బ్యాకప్ ఉందంటే సరిపోదు, దాన్నుంచి డేటాను ఒకసారి తిరిగి తెచ్చి చూసి ఉండాలి. మద్దతు విషయానికొస్తే, డేటాబేస్ నడిపే ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 గడువు 2026 జులై 14, విండోస్ సర్వర్ 2016 గడువు 2027 జనవరి 12. రెండోది సరిగ్గా సంక్రాంతి వారం. సగం సిబ్బంది ఊళ్లకు బస్సెక్కే రోజుల్లో సర్వర్ మార్పిడి పెట్టుకునేవారు ఉండరనే అనుకుంటాను. డేటాబేస్ పని వేసవిలోనే ముగించుకుని, మిగతాది దసరా సెలవుల్లో చేపడితే, ఏదైనా తేడా వచ్చినా సరిదిద్దుకోవడానికి రెండు నెలలకు పైగా చేతిలో ఉంటుంది.