వ్యంగ్య వార్తల కార్యక్రమం గారికి, తిరుపతి నుంచి

శ్రీయుత రాత్రి తొమ్మిదిన్నర వ్యంగ్య వార్తల కార్యక్రమం గారికి,

తిరుపతి తాతయ్యగుంట నుంచి ఒక ప్రేక్షకుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని జోకుకూ జోకుకూ మధ్య వచ్చే ఇళ్ల స్థలాల ప్రకటనలు చూస్తేనే తెలుస్తోంది.

ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకుంటాను. మీ మిమిక్రీ కళాకారుడి గొంతు దైవదత్తం. కళ్లు మూసుకుంటే సాక్షాత్తూ నాయకుడే పక్కన కూర్చుని దగ్గినట్టుంటుంది. మా ఉమ్మడి చిత్తూరు జిల్లా రాష్ట్రానికి చంద్రబాబు నాయుడు గారిని, కిరణ్ కుమార్ రెడ్డి గారిని ముఖ్యమంత్రులుగా ఇచ్చింది. మీ వృత్తికి మా వంతు సాయం మేం చేశామనే అనుకుంటున్నాను.

చిక్కల్లా ఎక్కడంటే, మీరు నాయకుడి దగ్గు దాకా వెళతారు, ఆయన సంతకం పెట్టిన జీవో దాకా వెళ్లరు. నడక, కండువా, ముక్కు చీదడం అన్నీ అచ్చు దించేస్తారు. నిరుడు వేసేశామన్న రోడ్డుకే ఈ ఏడు మళ్లీ నిధులు ఎందుకు మంజూరయ్యాయో మాత్రం మీ హాస్యానికి అందదు.

మా వీధి మురుగు కాలువ సంగతే చూడండి. వానలకు అది పొంగినప్పుడు మీ విలేకరి వచ్చాడు. పంచె ఎగ్గట్టి, గాలం పట్టుకుని, మా గుమ్మాల ముందు నీళ్లలో చేపలు పట్టాడు. దానికి ‘కార్పొరేటర్ గారి మత్స్య పరిశ్రమ’ అని పేరు పెట్టాడు. నవ్వలేక చచ్చాం. తెల్లారేసరికి ఆ వీడియోను వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టింది ఎవరనుకున్నారు? కార్పొరేటరే! ‘నన్ను భలే చేశారు’ అని టీ అంగడి దగ్గర కనిపించినవారికల్లా తనే చూపించాడు. అంతకుముందు వార్డు దాటితే ఆయన్ను గుర్తుపట్టే దిక్కు లేదు. ఇప్పుడు రేణిగుంట రోడ్డులో కూడా ఆపి సెల్ఫీలు తీసుకుంటున్నారు. కాలువ సంగతి అడగబోయిన మా ఎదురింటి పెద్దాయనతో, “ఆ చేపల కాలువే కదా పెద్దాయనా!” అని ఆయనే ముందు నవ్వేశాడు. అవతలివాడు అలా నవ్వాక ఇక అడగడానికి ఏం మిగులుతుంది? ఇదివరకు అర్జీ చేతికిస్తే కనీసం ముఖమైనా మాడ్చుకునేవాడు. మీ పుణ్యమా అని ఆ మాడ్చుకోవడం కూడా పోయింది.

పూడిక తీసినట్టు బిల్లు చేసుకున్నది ఎవరు, ఆ టెండరు ఎవరి బావమరిదికి దక్కింది? మీ గాలానికి తగలని చేప అదొక్కటే.

మీ జవాబు నాకు తెలుసు. ‘మేం నవ్వించేవాళ్లం, విలేకరులం కాదు’ అంటారు. ఆ సాకు కూడా మీ సొంతం కాదు. 2004 అక్టోబరులో అమెరికాలో ‘ది డైలీ షో’ అనే మీలాంటి వ్యంగ్య వార్తల కార్యక్రమం నడిపే జాన్ స్టీవర్ట్, సీఎన్ఎన్ చర్చా కార్యక్రమం ‘క్రాస్‌ఫైర్’కు అతిథిగా వెళ్లాడు. మీరు చేస్తున్నది చర్చ కాదు నాటకమని ఆ చర్చ నడిపే వ్యాఖ్యాతలను కడిగేశాడు. వాళ్లలో ఒకరైన టకర్ కార్ల్‌సన్ ఊరుకోలేదు. అధ్యక్ష అభ్యర్థి జాన్ కెర్రీ మీ దగ్గరకు వస్తే మీరు వేసిన ప్రశ్నల్లో పదును ఏదీ అని దెప్పాడు. నా కార్యక్రమానికి ముందు వచ్చేది బొమ్మలు ఫోన్లు చేసి జనాన్ని ఆటపట్టించే కార్యక్రమం సుమా అని స్టీవర్ట్ తప్పించుకున్నాడు. తప్పించుకుంటే తప్పించుకున్నాడు గాని, అనవలసింది మాత్రం ముఖం మీదే అన్నాడు. 2005 జనవరిలో క్రాస్‌ఫైర్‌ను ఆపేస్తున్నామని సీఎన్ఎన్ ప్రకటించింది. మీరు ఆయన చేసిన పని అక్కడే వదిలేసి సాకు మాత్రం దిగుమతి చేసుకున్నారు.

ఈజిప్టులో బాసెం యూసఫ్ అనే గుండె శస్త్రవైద్యుడు ఇదే పనికి దిగాడు. అధ్యక్షుడు మోర్సీని అవమానించాడని 2013లో పిలిచి విచారించారు. మోర్సీ పోయి సైన్యం వచ్చాక, 2014లో కార్యక్రమమే ఆగిపోయింది. మిమ్మల్ని జైలుకు వెళ్లమని అనడం లేదు. కానీ మీ పండుగ ప్రత్యేక కార్యక్రమానికి మంత్రులే వచ్చి, తమను అనుకరించినవాడికి శాలువా కప్పి వెళుతుంటే మీకైనా కాస్త అనుమానం రావద్దూ?

వేషం కట్టడం మా ఊరికి నేర్పనక్కరలేదు. ఏటా మే నెలలో గంగమ్మ జాతర వస్తే బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ వారమంతా వేషాలే. వెనకటికి ఆడపిల్లలను చెరిచే పాలెగాడు ఒకడు గంగమ్మకు భయపడి దాక్కున్నాడట. రోజుకో వేషంలో వెతికినా చిక్కలేదు. ఆఖరుకు ఆమె దొర వేషంలో వస్తే, ఎవరో తనకంటే పెద్ద దొర అనుకుని దండం పెట్టడానికి బయటికి వచ్చాడు. తల తెగింది. మీ స్టూడియోలోనూ దొర వేషం అద్భుతంగా కడుతున్నారు. పాలెగాళ్లు కూడా వరసగా బయటికి వస్తున్నారు. మీరు లేచి కుర్చీ వేస్తున్నారు.

తల తీయమని అడగను, ఈ కాలంలో అది బాగుండదు. కుర్చీ వేశాక ఒక బిల్లు కాగితం ఎదుట పెట్టి, ఇదేమిటి అని అడగండి చాలు.

ఈసారి జాతరకు తప్పక రండి. వేషం కట్టినవాళ్లు బూతులు తిట్టడం అక్కడ ఆచారం, ఎవరూ తప్పు పట్టరు. ఎదురుపడ్డది కార్పొరేటరైనా, కెమెరా వెంటబెట్టుకొచ్చిన వ్యాఖ్యాతైనా వాళ్లకు ఒకటే. మధ్యలో ప్రకటనలకు విరామం ఇమ్మని మాత్రం అడగకండి, వాళ్లు ఆగరు.

ఇట్లు,
మీ రోజువారీ ప్రేక్షకుడు