ఎయిర్ బెడ్ వేసినా పక్కకు తిప్పాల్సిందే
మంచాన పడ్డవాళ్లకు ఎయిర్ బెడ్ వేస్తే ఇక ఒత్తిడి పుండ్ల బెంగ ఉండదని ఒక వ్యాసంలో రాశారు, అది సగమే నిజం. కోఠి సర్జికల్ షాపుల్లో దొరికే ఈ బుడగల పరుపు పంపుతో గాలిని ఒక వరుస నుంచి ఇంకో వరుసకు మారుస్తుంది, అంతే. మనిషిని తిప్పదు కదా! రెండు గంటలకోసారి మనమే తిప్పాలి. అదీ పూర్తిగా పక్కకు కాదు, అలా చేస్తే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చితే చాలు. పిక్కల కింద పొడవుగా ఇంకో దిండు వేస్తే మడమలు పరుపుకు తగలవు (నడుము అందరూ చూస్తారు, మడమలే మరిచిపోతారు). నడుము దగ్గర పరుపు కింద చెయ్యి దూర్చి చూడండి. ఎముక చేతికి తగులుతుంటే గాలి చాలనట్టు, పంపు గొట్టం ఎక్కడైనా నలిగిందేమో చూడండి. పైకి జరపాలంటే చంకల కింద పట్టి లాగొద్దు, ఆ రాపిడికే చర్మం లేస్తుంది. నడుము కింద అడ్డంగా పరిచిన దుప్పటిని చెరోవైపు పట్టుకుని ఇద్దరు ఎత్తాలి. 30 ఏళ్లు వార్డులో చేసి రిటైరైన నర్సుకైనా ఇంట్లో కష్టమయ్యేది ఇక్కడే, రెండో మనిషి దొరకరు. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలండి, తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు తెలియదు, వేడిగా గానీ గట్టిగా గానీ ఉందేమో తడిమి చూడాలి. మనవాళ్లు అక్కడే కొబ్బరినూనె రాసి మర్దన చేస్తారు. అస్సలు వద్దు, లోపల కండ ఇంకా దెబ్బతింటుంది.