అడిగితే పరువు పోతుందా మాస్టారూ?

‘ఉపాధ్యాయులారా, ఫోన్ వదలండి, గురువులుగా మారండి’ అనే పొడవాటి మెసేజ్ అమలాపురం నుంచి భీమవరం దాకా టీచర్ల గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. ఫోన్లో, గ్రూపుల్లో నేర్చుకునేది నేర్చుకోవడమే కాదట. అందుకు అయిదు కారణాలు, చివర్లో రెండు గులాబీలు. పంపినవాళ్లలో నేను గౌరవించే పెద్దలూ ఉన్నారు. ఒక్కొక్కరికీ జవాబిచ్చే ఓపిక లేక అందరికీ ఇక్కడే రాస్తున్నాను.

ఒకటి, ‘సెల్‌ఫోన్ కిరణాలు టీచర్ మేధస్సును తినేస్తాయి.’ ఈ ముక్క టైప్ చేసింది సెల్‌ఫోన్లోనే కదా. ఫలితం కనిపిస్తూనే ఉంది. పదండి ముందుకు.

రెండు, ‘పాత మాస్టార్లకు ఏ ఆన్‌లైన్ శిక్షణా లేదు, వాళ్లకన్నా బాగా ఎవరు చెప్పారు?’ బాగానే చెప్పారు. కానీ ఎవరి మానాన వాళ్లు కూర్చుని కాదు. చుట్టుపక్కల బళ్లను ఒక జట్టుగా చేయమని కొఠారీ కమిషన్ 1966లోనే సిఫారసు చేసింది. స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు ఆ ఆలోచనలోంచి వచ్చినవే. 1986 విద్యావిధానం తర్వాత జిల్లాకో టీచర్ల శిక్షణ సంస్థగా డైట్‌లు వచ్చాయి, తూర్పు గోదావరి వాళ్లకి బొమ్మూరు, పశ్చిమ గోదావరి వాళ్లకి దూబచర్ల. కాంప్లెక్స్‌లో పక్క ఊరి మాస్టారి పాఠం చూస్తే సంప్రదాయం, అదే పాఠం ఆయన వీడియో తీసి పంపితే భ్రష్టత్వమా?

మూడు, ‘ఆన్‌లైన్ కోర్సులు సర్టిఫికెట్ల కోసమే.’ దీనికి మాత్రం నేను అడ్డం చెప్పను. కరోనా వచ్చాక 2020 జులైలో ఆన్‌లైన్ నిష్ఠ అనే కేంద్రం వారి టీచర్ల శిక్షణ మన రాష్ట్రంతోనే మొదలైంది. తర్వాత కోర్సులు దీక్ష అనే ప్రభుత్వ పాఠాల యాప్‌లోకి వచ్చాయి. ఆపై జరిగింది మనందరికీ తెలుసు. వీడియో దాని మానాన అది నడుస్తుంటే వంట చేసుకోవడం, క్విజ్ జవాబులు గ్రూపుల్లో పీడీఎఫ్‌గా తిరగడం, క్విజ్‌లో 70 శాతం మార్కులు దాటగానే సర్టిఫికెట్ స్టేటస్‌లో పెట్టడం. జాతీయ విద్యావిధానం టీచర్లకు ఏటా కనీసం 50 గంటల శిక్షణ అంది కాబట్టి గంటలు పూర్తవుతున్నాయి. ఆ రోజుల్లో హాజరుకో యాప్, భోజనానికో యాప్, మరుగుదొడ్ల ఫోటోలకో యాప్ అయ్యాక రాత్రి మరో యాప్ తెరిచి శ్రద్ధగా నేర్చుకోమంటే ఎవరి వల్లయ్యేది? ఈ కోపం న్యాయమైనదే. కాకపోతే కోర్సులు అలా పెట్టినవాళ్ల మీద చూపించండి, గ్రూపులో సందేహం అడిగే టీచరమ్మ మీద కాదు.

ఎందుకంటే నాలుగోది ఆవిడ మీదే. ‘గ్రూపులో సందేహం అడిగే టీచర్ తన అజ్ఞానాన్ని చాటుకుంటున్నట్టే. డీఎస్సీ రాసి వచ్చినవాళ్లకు సందేహాలేమిటి? తల్లిదండ్రులు చూస్తే బడి పరువు పోతుంది.’ నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

పి.గన్నవరం వైపు గోదారి పెరిగి తాత్కాలిక బాట కొట్టుకుపోయిందంటే ఉడుమూడిలంక వాళ్లకి పడవే దిక్కు. గోదారి మధ్య లంకల్లో ఏకోపాధ్యాయ బడి అంటే ఏమిటో ఆ మెసేజ్ రాసినాయనకు తెలుసా? అయిదు తరగతులకూ ఒక్కరే. స్టాఫ్‌రూమ్ లేదు, పక్క క్లాసు మాస్టారు లేరు. సందేహం వస్తే బ్లాక్‌బోర్డును అడగాలి.

ఒక పిల్ల 402లోంచి 178 తీసేసి 376 అని రాసిందనుకోండి. మూడుసార్లు చెప్పినా అదే జవాబు. చూసేవాళ్లకు అజాగ్రత్త అనిపిస్తుంది. ఆ పలక ఫోటో గ్రూపులో పెడితే రాజోలు నుంచో పాలకొల్లు నుంచో అనుభవం ఉన్న టీచర్ ఒకరు చెబుతారు: అజాగ్రత్త కాదమ్మా, ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తోంది. 8లోంచి 2, 7లోంచి 0, 4లోంచి 1. పదుల దగ్గర సున్నా ఉంటే అప్పు ఎక్కడ తేవాలో తెలియడం లేదు. కొబ్బరి ఈనెలు పదేసి కట్టలు కట్టించు, పది కట్టలు ఒక మోపు. 402 అంటే నాలుగు మోపులు, రెండు పుల్లలు. ఒక మోపు విప్పితే పది కట్టలు, అందులో ఒక కట్ట విప్పితే పది పుల్లలు. ఇప్పుడు మూడు మోపులు, తొమ్మిది కట్టలు, పన్నెండు పుల్లలు. ఇందులోంచి 178 తీసి చూపించమను. కోనసీమలో ఈనెలకేం కరువు?

స్థానవిలువ డీఎస్సీకి చదివిందే. పిల్ల చేతిలో అది ఏ మలుపులో తప్పుతుందో ఏ గైడులోనూ లేదు, ఆ తప్పు అంతకుముందు చూసిన ఇంకో టీచరే చెప్పాలి. ఆ ఇంకో టీచర్ ఏటికి అవతల ఉంటే ఫోన్ కాక ఏం చేయమంటారు, పావురాన్ని పంపమంటారా? ఈ మెసేజ్ తిరిగిన దగ్గర్నుంచి మా గ్రూపులో కొత్తవాళ్లు ప్రశ్నలు అడగడం తగ్గించేశారు. ఆయ్, చిత్తం, పరువు నిలబడింది. పలక మీద 376 కూడా అలాగే నిలబడింది.

అయిదు, ‘గ్రూపుల్లో గుడ్‌మార్నింగ్ బొమ్మలు, పీఆర్‌సీ గొడవలు, పిల్లల తప్పుల మీద జోకులు తప్ప ఏముంటాయి?’ ఉంటాయి. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ ప్రయోగాలు, అంటే తెరమీదే చేసి చూసే సైన్సు ప్రయోగాలు, నాకు తెలిసింది అలాంటి గ్రూపులోనే. ఉచితం, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి, ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. ల్యాబ్ లేని బడిలో కరెంటు పాఠానికి అంతకన్నా ఏం కావాలి? బొమ్మలు, పీఆర్‌సీ అంటారా, సబ్జెక్టుకో గ్రూపు పెట్టుకుంటే సరిపోతుంది.

పిల్లల మీద జోకుల సంగతి మాత్రం పచ్చి నిజం. జవాబుపత్రం ఫోటో, పేరు, రోల్ నంబరు అన్నీ కనబడుతూ, కింద వరసగా నవ్వే బొమ్మలు. దీన్ని సమర్థించడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. పేరు కనపడకుండా, అడగాల్సిన లెక్క వరకే ఫోటో పెట్టండి. నవ్వినవాళ్లను అడ్మిన్ తీసేయాలి. అడ్మినే నవ్వుతుంటే అడ్మిన్‌ని మార్చండి.